మా కాలేజీలో ఏముందని

ఇంటి నుంచి,
కుట్టు మిషన్ల షాపు వెనక గది

పిన్నికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నాన్న చెవులు తప్ప. కుట్టు మిషన్లు బాగుచేసీ చేసీ ఆ మోతలో ఆయనకి ఏదీ సరిగ్గా వినపడటం లేదు. అందుకే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. మొన్న నా ఫలితాలకి నువ్వు చెప్పిన అభినందనలు మాతోపాటు షాపులో కూర్చున్న దర్జీలు కూడా విన్నారు. విని ఊరుకోలేదు, సలహాలు కూడా ఇచ్చారు. ఒకాయన డాక్టరీ చదవమన్నాడు. నీతో అసలు సంగతి మాట్లాడాలంటే ఉత్తరం తప్ప దిక్కు లేదని అప్పుడే అర్థమైంది.

రెండు చోట్లా సీటొచ్చిందని నీకు తెలుసు. యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు, మీ టెక్నికల్ కాలేజీలో కంప్యూటర్ బ్రాంచి. రెండూ డిగ్రీలే. నెలాఖరులోగా ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి. ఒకటి ఖాయం చేసిన మరుక్షణం రెండోది వెనకవాళ్ళకి వెళ్ళిపోతుంది.

నాన్న యూనివర్సిటీ అంటున్నాడు. నలుగురిలో చెప్పుకోడానికి బావుంటుందట. అమ్మ మీ కాలేజీ అంటోంది. పిల్ల ఎక్కడ తింటుంది, ఎక్కడ పడుకుంటుంది అన్నవి తప్ప అమ్మకి రెండు చదువుల్లో ఇంకే తేడా కనపడదు. నువ్వున్న చోటు కాబట్టి అదే మంచి చదువు.

నేను నాన్న కూతుర్ని. విప్పి చూస్తే తప్ప ఏదీ బుర్రకెక్కదు. చిన్నప్పుడు షాపులో ఒక మిషను విప్పి మళ్ళీ బిగిస్తే ఒక స్ప్రింగు మిగిలిపోయింది గుర్తుందా? అయినా అది నడిచింది. నాన్న ఇప్పటికీ ఆ కథ అందరికీ చెబుతాడు. యూనివర్సిటీకి వెళ్ళి చూసొచ్చాం. సినిమా హాలంత గది, ఆ చివర చీమంత మేష్టారు. మొదట్లో అంతా లెక్కలేనట, మిషను ముట్టుకునేది చాలా తర్వాతేనట. మీ దగ్గర మొదటి వారం నుంచే చేతికి పనిస్తారు. పోయిన సెలవుల్లో నీతో ల్యాబుకి వచ్చినప్పుడు ఒకమ్మాయి నేలమీద తీగలన్నీ పరుచుకుని, స్క్రూడ్రైవరు నోట్లో పెట్టుకుని కూర్చుంది. నేను వచ్చింది కూడా చూడలేదు. నాకు అలా కూర్చోవాలని ఉంది.

కాకపోతే ఒక అనుమానం పీకుతోంది. నేను నిజంగా మీ కాలేజీని ఇష్టపడుతున్నానా, లెక్కలకి భయపడి పారిపోతున్నానా? యూనివర్సిటీలో చదువుకున్నావు, కాలేజీలో పాఠం చెబుతున్నావు, రెండూ తెలిసినదానివి మనింట్లో నువ్వొక్కదానివే. నువ్వేం చెబితే అది చేస్తాను.

నీ బుడంకాయ


కాలేజీ వెనక వీధి,
మేడమీద గది

బుడంకాయకి ఆశీస్సులు.

డాక్టరీ చదవమన్న దర్జీగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన దగ్గర ఎవరూ జాకెట్లు కుట్టించుకోకుండా ఉంటే మంచిది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. యూనివర్సిటీలో చేరు. మా కాలేజీలో ఏముందని? ల్యాబులో సగం మిషన్లు లేవవు. లేచినవి భోజనం చేసిన మేష్టార్లలా కునుకుతాయి. వానొస్తే పైకప్పు కారుతుంది, బకెట్ల మధ్య నిలబడి పాఠం చెబుతాను. నువ్వు చూసిన అమ్మాయి నేలమీద కూర్చుంది పని మీద మోజుతో కాదు, బల్లలు చాలక. మంచి పిల్లే, ఇప్పుడు ఆఖరి సంవత్సరం. కానీ దాన్ని చూసి నువ్వు కాలేజీ ఎంచుకుంటే ఎలా?

లెక్కల సంగతి. నీకు లెక్కలు రావని ఎవరన్నారు? ఎవరైనా పక్కన కూర్చుని చూపిస్తే వస్తాయి. యూనివర్సిటీలో మేష్టార్లు పక్కన కూర్చోరు, నిజమే. కానీ లైబ్రరీ ఉంటుంది, నీకంటే తెలివైన పిల్లలుంటారు, వాళ్ళని సతాయించు. మొదటి ఏడాది నేనూ ఏడ్చాను. తర్వాత ఏదో ఒక రోజు ఏడవడం మానేశాను, ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు. అక్కడ నేర్చుకున్నది మిషను మారినా పనికొస్తుంది. మేము నేర్పేది చాలావరకు ఆ మిషనుతోపాటే పాతబడిపోతుంది. చేతికి పని ఎప్పుడైనా దొరుకుతుంది, బుడంకాయ్. బుర్రకి పని దొరికే వయసు ఇదొక్కటే.

ఇంకా కొన్ని ఉన్నాయి, రాయలేను. ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు. బావ బంగారంలాంటి మనిషే, కానీ ఆయన చెవిన పడ్డ మాట షాపు గడప దాటడానికి సూదిలో దారం ఎక్కించినంత సేపు పట్టదు.

పిన్ని


ఇంటి నుంచి,
షాపు వెనక గది

పిన్నికి,

నాన్నకి చూపించలేదు. అమ్మకి మాత్రం చదివి వినిపించాను. బకెట్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. అచ్చం మా అమ్మ మాటలే దీనికీ వచ్చాయి అంది అమ్మ.

అమ్మమ్మ కథలు అన్నీ మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరైనా భోజనానికొస్తే పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడి వండినదంతా వడ్డిస్తూ, ఏదో ఉడికీ ఉడకనిది, తినలేరులెండి అనేదట కదా. ఆ మాట వినపడిందంటే ఆ రోజు వంట అద్భుతమని చుట్టాలందరికీ తెలుసట. నీకు బళ్ళో మొదటి బహుమతి వచ్చిన రోజు పక్కింటావిడతో, దీనికి అక్షరం ముక్క రాదు, ఎలా ఇచ్చారో అందట. అమ్మ పెళ్ళికి అందరినీ, ఈ ఎండలో మీకెందుకు శ్రమ అని పిలిచిందట. వాళ్ళు రాకపోతే ఊరుకునేదా? మనింట్లో మనదాన్ని మనం పొగుడుకోవడం ఎవరికీ చేతకాదు. తిట్టామంటే నచ్చినట్టు. పొగిడితేనే అనుమానించాలి.

అందుకని మా కాలేజీలో ఏముందని అని నువ్వు అన్నావంటే అన్నీ ఉన్నాయని అమ్మ అర్థం చెప్పింది. రాయలేనివి కొన్ని ఉన్నాయన్నావే, వాటికి కూడా చెప్పింది. ఒక్కదానివే ఉండి ఉండి నీకు విసుగొచ్చిందట, నేనొస్తే బావుండునని ఉందట, అడగడానికి మొహమాటమట. నిజమేనా? ఆ గదిలో కిటికీ పక్క మంచం నాది. ముందే చెబుతున్నాను.

బుడంకాయ


కాలేజీ వెనక వీధి,
మేడమీద గది

బుడంకాయ్,

ఇది చదువుతూ నవ్వకు.

ఇది మనింటి మాట కాదు. మా అమ్మ మీద ఒట్టు. నేను వద్దంటున్నది నిజంగా వద్దనే. యూనివర్సిటీ సీటు ఖాయం చేసుకో, ఈ వారంలోనే చేసుకో. కారణం అడగకు, చెప్పే వీలు లేదు. నీమీద ప్రేమ లేక కాదు. నువ్వొచ్చి ఆ కిటికీ పక్కన పడుకుంటే నాకంటే సంతోషించేవాళ్ళు ఎవరుంటారు?

నిన్న ఫోన్ చేశాను కదా. బావ ఎత్తాడు, నీకిమ్మన్నాను. నువ్వు, చెప్పు పిన్నీ అన్నావు. వెనకనుంచి ఎవరో దర్జీ, కాలేజీ మేడమాండీ, మా తమ్ముడి కొడుకు కూడా మీ దగ్గరే చేరుతున్నాడు అన్నాడు. నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. యూనివర్సిటీలో చేరు, మా కాలేజీ వద్దు అని మాత్రం అన్నాను. అంతే, అక్క నవ్వింది, బావ నవ్వాడు, ఆ దర్జీ నవ్వాడు. నేనూ నవ్వాను, నా ఖర్మ కాలి. బస్సెక్కి వచ్చేద్దామంటే ఆఖరి సంవత్సరం పిల్లల పరీక్షలు, ఒక్క పూట కదలనివ్వడం లేదు.

నా మాట విను. ఈ ఒక్కసారికి నేను ఏమన్నానో అదే నా మాటకి అర్థం.

పిన్ని


ఇంటి నుంచి,
షాపు వెనక గది

పిన్నికి,

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా నాకు భయమేసింది. నువ్వు నన్ను నిజంగానే వద్దంటున్నావేమో అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది, అబద్ధమెందుకు. అమ్మకి చూపించాను. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత చెప్పింది: నీకు మొదటి ఉద్యోగమొచ్చి ఊరు వదిలి వెళ్ళేరోజు, స్టేషనుకి రావద్దు, వస్తే అమ్మ మీద ఒట్టు అన్నావట. అమ్మ నిజమనుకుని రాలేదట. నువ్వు నెలరోజులు అమ్మతో మాట్లాడలేదట. "దాని ఒట్టుని ఒకసారి నమ్మి చెడ్డాను, మళ్ళీ నమ్మను" అంది.

ఇంకేముంది, మొన్న సీట్లు ఖాయం చేసే కౌన్సెలింగ్ సెంటరుకి వెళ్ళి మీ కాలేజీ ఖాయం చేసేశాం. నాన్న మొదట మొహం ముడుచుకున్నాడు, తర్వాత, సరే, పిన్ని దగ్గరైతే నాకూ నిశ్చింతే అన్నాడు. మేము కౌంటరు దగ్గర ఉండగానే నా యూనివర్సిటీ సీటు ఇంకెవరికో వెళ్ళిపోయింది. తెర మీద నా పేరు పోయి ఆ అబ్బాయి పేరు వచ్చింది. వాళ్ళ నాన్న వాణ్ణి ఎత్తుకున్నంత పని చేశాడు. మంచి పని చేశామనిపించింది.

కారణం అడగకు అన్నావు, అడగను. నాకు తెలుసు.

పెట్టె సర్దుకుంటున్నాను. నాన్న తన చిన్న స్క్రూడ్రైవర్ల సంచీ నాకిచ్చేశాడు.

నీ బుడంకాయ


కాలేజీ వెనక వీధి,
మేడమీద గది

బుడంకాయ్,

ఇది అక్కకి కూడా చదివి వినిపించు. ఈసారి అర్థం చెప్పనక్కర్లేదని చెప్పు.

మా కంప్యూటర్ బ్రాంచి మూసేస్తున్నారు. పరీక్షలకి ముందే ప్రిన్సిపాలు మమ్మల్నందరినీ గదిలోకి పిలిచి, తలుపు వేయించి చెప్పాడు. ఈ ఏడాది చేరేవాళ్ళదే ఆఖరి బ్యాచి. సంగతి బయటికి పొక్కితే ఎవరూ చేరరు. ఎవరూ చేరకపోతే బ్రాంచి ఇప్పుడే మూతపడుతుంది, ఆఖరి సంవత్సరం పిల్లలు డిగ్రీ చేతికి రాకుండానే వీధిన పడతారు. వాళ్ళ ఫలితాలు వచ్చేదాకా నోరు విప్పవద్దని మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. ఇచ్చాం. వాళ్ళు నేను పాఠం చెప్పి పెంచిన పిల్లలు. నేలమీద కూర్చున్న ఆ అమ్మాయీ వాళ్ళలోనే ఉంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మీ షాపులో అయితే పెదవి కూడా దాటనక్కర్లేదు. అందుకని కారణం చెప్పకుండా నిన్ను మాత్రం తప్పిద్దామనుకున్నాను. అటు మాటా నిలుస్తుంది, ఇటు నువ్వూ బయటపడతావు అనుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మూసేస్తున్నారు అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. చేతిలో కలం పెట్టుకుని రాయలేదు. ఇవాళ నీ సీటు పోయాక రాస్తున్నాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నామీద నాకు ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను. మీ అమ్మ మీద కూడా కోపంగా ఉంది. మనింట్లో ఒక మనిషి వద్దంటే వద్దని నమ్మేవాళ్ళు ఎవరూ లేరా?

ఇంకొకటి కూడా చెప్పాలి. వచ్చే నెల నుంచి నన్ను రానక్కర్లేదన్నారు. కొత్త బ్యాచికి తక్కువ జీతానికి వచ్చే కుర్ర మేష్టార్లు చాలట. దూరంగా వేరే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. పాత రోగుల కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే గుమాస్తాలకి ఆ పని నేర్పాలి. నువ్వొచ్చేసరికి నేను ఇక్కడ ఉండను. గది నీకే ఉంచమని ఇంటివాళ్ళావిడతో మాట్లాడాను, తాళంచెవి ఆవిడ దగ్గరుంది. ఈ బ్యాచి చదువు పూర్తయ్యేదాకా నడుపుతామని మాత్రం ప్రిన్సిపాలు అంటున్నాడు. అంతకంటే నాకేమీ తెలియదు.

పిన్ని


కాలేజీ వెనక వీధి,
మేడమీద గది

పిన్నికి,

నీ అడ్రసు నుంచి నీకే రాస్తుంటే ఎలాగో ఉంది.

ఇంట్లో నీ ఉత్తరం చదివాక అమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. నాన్న షాపులోకి వెళ్ళి బాగున్న మిషనునే విప్పుకుంటూ కూర్చున్నాడు. చేరకుండా ఉండిపోదామంటే ఇంకెక్కడా ఖాళీ లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నుయ్యే నయమని వచ్చాను.

నీమీద కోపం వచ్చింది పిన్నీ. ఇంకా ఉంది. దాచుకుని తీయగా రాయడం నావల్ల కాదు. ఆ పిల్లల కోసం నువ్వు ఇచ్చిన మాట పెద్దదే, కాదనను. కానీ నేను అడిగింది నిన్నొక్కదాన్నే.

గది బావుంది. నీ పుస్తకాలు తీసుకెళ్ళలేదేం? ఇంటివాళ్ళావిడ నన్ను మేడం గారి అమ్మాయి అంటోంది, కాదని చెప్పలేదు. క్లాసులో సగం బెంచీలు ఖాళీ. మూడు సబ్జెక్టులకీ ఒక్క మేష్టారే వస్తాడు. నిన్న కాక మొన్న చదువు ముగించినట్టున్నాడు, తలెత్తకుండా ఫోనులో చూసి చదువుతాడు. ప్రశ్న అడిగితే రేపు చెబుతానంటాడు. మంచివాడే, పాపం మర్నాడు నిజంగానే చెబుతాడు, కానీ తప్పు చెబుతాడు. షాపులో నవ్విన దర్జీగారి తమ్ముడి కొడుకు నా వెనక బెంచీలోనే కూర్చుంటున్నాడు. ల్యాబు తాళం వేసి ఉంది. తాళంచెవి ఆఫీసులో, ఆఫీసు గుమాస్తా సెలవులో. స్క్రూడ్రైవర్ల సంచీ రోజూ తీసుకెళ్ళి తీసుకొస్తున్నాను.

బుడంకాయ


ఆసుపత్రి,
రికార్డుల గది

బుడంకాయ్,

కోపం ఉంచుకో. దానిమీద నాకేమీ ఫిర్యాదు లేదు.

ఈ గదికి కిటికీలు లేవు. గోడలన్నీ కాగితాల కట్టలే, ఎప్పుడో నయమైపోయినవాళ్ళవీ పోయినవాళ్ళవీ. గుమాస్తాలకి ఏ గడిలో పేరు, ఏ గడిలో జబ్బు అని చూపిస్తాను. అంతే ఉద్యోగం. యూనివర్సిటీ చదువు మిషను మారినా పనికొస్తుందని నీకు గొప్పగా రాశాను కదా, అది ఇందుకు పనికొస్తోంది.

సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్ళాను. నేను చదివిన రోజుల్లో ఉన్న కౌంటరే ఇంకా ఉంది, మనిషి మారాడు. నీ సంగతంతా చెప్పి, వచ్చే ఏడాదికైనా తీసుకుంటారా అని అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఒకసారి సీటు వచ్చి వదులుకున్నవాళ్ళకి ఆ కోర్సులో మళ్ళీ ఇవ్వరట, అది వాళ్ళ నిబంధన. పోనీ కాలేజీ నుంచి మధ్యలో మార్చుకోవచ్చా అంటే, మూతపడే బ్రాంచి మార్కులు వాళ్ళు లెక్కలోకి తీసుకోరట. పై అధికారి దగ్గరికి పంపించాడు. ఆయనా అదే చెప్పాడు, ఇంకొంచెం మెల్లగా చెప్పాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నీ వయసు పిల్లలు నన్ను దాటుకుంటూ వెళుతున్నారు. వాళ్ళలో నీ సీటు తీసుకున్న అబ్బాయి ఎవడా అని చూస్తూ కూర్చున్నాను, పిచ్చిదానిలా.

అయినా పుస్తకాలు వదలకు. మేష్టారు తప్పు చెబితే నాకు రాయి, నేను సరిగ్గా రాసి పంపిస్తాను. నా పుస్తకాలు నీకోసమే వదిలేశాను.

పిన్ని


కాలేజీ వెనక వీధి,
మేడమీద గది

పిన్నికి,

ఆలస్యమైంది, క్షమించు. చాలా పని. కాలేజీ ఇప్పుడు చాలా బావుంది. మేష్టార్లు బావున్నారు, పాఠాలు చక్కగా జరుగుతున్నాయి. ల్యాబు కూడా తెరిచారు, మిషన్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. స్నేహితులు చాలామంది అయ్యారు. నువ్వు నాకోసం బెంగపెట్టుకోనక్కర్లేదు. లెక్కలు కూడా బాగానే వస్తున్నాయి, పంపించడానికి తప్పులేమీ లేవు. అమ్మకీ నాన్నకీ అంతా చాలా బావుందని చెప్పాను, వాళ్ళూ చాలా సంతోషించారు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

బుడంకాయ


ఆసుపత్రి,
రికార్డుల గది

బుడంకాయ్,

నేను మా అమ్మ కూతుర్ని. ఇన్నిసార్లు బావుంది అని మనింట్లో ఇంతవరకు ఎవరూ ఒకే ఉత్తరంలో రాయలేదు. ఏమైందో చెప్పు.

నువ్వు చెప్పకముందు నేనే ఒకటి చెబుతాను. నిన్న కొత్త గుమాస్తాలు చేరారు. తలుపు దగ్గర వరసలో నిలబడినవాళ్ళలో ఒక మొహం ఎక్కడో చూసినట్టుంది. నువ్వు ల్యాబులో చూసిన అమ్మాయే, నేలమీద కూర్చున్న పిల్ల. డిగ్రీ మంచి మార్కులతో వచ్చిందట, కాగితం చూపించింది. ఎక్కడెక్కడో తిరిగిందట. కొత్తవాళ్ళని ఎవరూ తీసుకోవడం లేదు, ఆ పనులు ఇప్పుడు మిషన్లే చేసుకుంటున్నాయి అన్నారట. నన్ను చూసి సిగ్గుపడింది. నేను దానికంటే ఎక్కువ సిగ్గుపడ్డాను. దాని పక్కన కూర్చుని, ఏ గడిలో పేరు రాయాలో, ఏ గడిలో జబ్బు రాయాలో చూపించాను. ఒక్కసారి చూపిస్తే పట్టేసింది.

ఆ డిగ్రీ దానికి రావాలనే కదా నేను నోరు మూసుకున్నది. నీ చదువు పెట్టి దానికి కొన్నది ఇది. దానికీ దక్కలేదు, నీకూ దక్కలేదు. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

పిన్ని


కాలేజీ వెనక వీధి,
మేడమీద గది

పిన్నికి,

నీకు తెలిసిపోతుందని తెలిసే అలా రాశాను.

ఆఖరి సంవత్సరం వాళ్ళ ఫలితాలు వచ్చిన మర్నాడే మమ్మల్నందరినీ హాల్లోకి పిలిచారు. బ్రాంచి నడపడం ఇక కుదరదన్నారు. పూర్తయ్యేదాకా నడుపుతామన్నారు కదండీ అని నేనే లేచి అడిగాను. ప్రిన్సిపాలు నా వంక చూసి, నువ్వు మేడం గారి అమ్మాయివి కదూ అన్నాడు. కాదు, అక్క కూతుర్ని అన్నాను. మేడం చాలా మంచి టీచరు అన్నాడు. నా ప్రశ్నకి ఆయన చెప్పిన జవాబు అదే. ఇష్టమున్నవాళ్ళు ఆఫీసు నిర్వహణ బ్రాంచిలోకి మారవచ్చన్నారు, లేనివాళ్ళు టీసీ తీసుకుని వెళ్ళిపోవచ్చన్నారు. చాలామంది వెళ్ళిపోయారు. నేను మారాను. ఇంటికెళ్ళి ఏం చెప్పను? ఫైళ్ళు ఎలా అమర్చాలి, ఉత్తరాలకి నంబర్లు ఎలా వెయ్యాలి అని చెబుతున్నారు. బాగానే అర్థమవుతోంది. అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు.

నీ పుస్తకాలు తెరవడం లేదు పిన్నీ. తెరిస్తే ఏడుపొస్తోంది. తప్పులు పంపమన్నావు, తప్పు చెయ్యడానికైనా చదవాలి కదా. నామీద ఆశ పెట్టుకోకు. నాకే లేదు.

నీమీద కోపం పోయింది. ఎప్పుడు పోయిందో తెలీదు. ఉన్నప్పుడే నయం, నీతో మాట్లాడుతున్నట్టుండేది.

నిన్న ల్యాబు తెరిచారు. మొదటిసారి లోపలికి వెళ్ళాను. మిషన్లన్నీ ఎవరో పాత సామాను కొనేవాళ్ళకి అమ్మేశారట, లారీ వచ్చి వాకిట్లో నిలబడింది. వాళ్ళ మనుషులు తీగలు పట్టుకుని పీకుతున్నారు, చివర్లలో ప్లగ్గులు ఊడిపోతున్నాయి. చూడలేకపోయాను. అలా లాగకూడదు, పక్కకి నొక్కి తియ్యాలి అని చెప్పి చూపించాను. సామానాయన, అయితే నువ్వే తియ్యమ్మా అన్నాడు. నేలమీద కూర్చున్నాను. నాన్న సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి వరసగా విప్పుకుంటూ వెళ్ళాను. తీగలు చుట్టలు చుట్టి వేరుగా పెట్టాను, మూతలు విప్పి లోపలి దుమ్ము కూడా తుడిచాను, ఎందుకు తుడిచానో తెలీదు. ఒక్కటి కూడా విరగలేదు. చివరికి ఆయన చాలా మెచ్చుకుని, ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఇక్కడే అన్నాను.

గదికొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఫోన్ వచ్చింది. ఇంటివాళ్ళావిడ పైకి తెచ్చిచ్చింది. అటు షాపులో మిషన్ల మోత, దర్జీల మాటలు. ఇవాళ ఏం చెప్పారే అని అమ్మ అడిగింది. ఇవాళ ల్యాబు అన్నాను. సాయంత్రం దాకా ల్యాబేనని చెప్పాను. నాన్న ఫోను దగ్గరికొచ్చాడు.

"పోనీలేమ్మా, చేతికి పనిస్తున్నారు కదా" అన్నాడు.

ఇస్తున్నారు నాన్నా అన్నాను.

బుడంకాయ